నత్తల్ని సాగనంపే తుపాకీ



ఈ రోజు వీడియో గేముల గురించి మాట్లాడదామని వచ్చాను. పిల్లలు ఫోన్లు పట్టుకుని పాడైపోతున్నారని చెప్పడం నా ఉద్దేశం కాదు. ఆ మాట ఇంట్లోనూ బళ్లోనూ రోజూ వింటూనే ఉన్నారు. తుపాకీ ఆటల్లో ఒక చిన్న శాఖ ఉంది. అందులో రక్తం కనిపించదు, నవ్వు వస్తుంది. ఎదురయ్యేది గ్రహాంతర జీవులు. బొమ్మలు ముప్పై ఏళ్ల కిందటి కంప్యూటర్లలోలాగా చుక్కలు చుక్కలుగా, గళ్లు గళ్లుగా ఉంటాయి. అలాంటి ఆట ఒకటి మన అండమాన్‌లో, మన పిల్లల చేతుల మీదుగా తయారుకావాలని నా కోరిక. ఆ పని మనవల్ల అవుతుందని నేను ఎందుకు నమ్ముతున్నానో, ఎక్కడ మొదలుపెట్టాలో, చేసేటప్పుడు ఏ హద్దు దాటకూడదో మీతో చెప్పుకోవాలి.

ముందుగా ఒక పాత ఆట సంగతి. 1996లో అమెరికాలో చెక్స్ అనే అల్పాహారం డబ్బాల్లో ఒక సీడీ పెట్టి ఉచితంగా ఇచ్చారు. చెక్స్ అంటే పాలలో వేసుకుని తినే చిన్న చదరపు బిళ్లలు. సీడీలో ఉన్న ఆట పేరు చెక్స్ క్వెస్ట్. డిజిటల్ కెఫే అనే చిన్న సంస్థ దాన్ని తయారుచేసింది. బజోయిక్ అనే దూర గ్రహం మీద ఫ్లెమాయిడ్లనే ఆకుపచ్చ బంక జీవులు దిగి, అక్కడివాళ్లను పట్టి పీడిస్తుంటాయి. వాళ్లను విడిపించడానికి చెక్స్ వారియర్ బయల్దేరతాడు. ఒంటి మీది కవచం కూడా ఆ చెక్స్ బిళ్ల ఆకారంలోనే ఉంటుంది.

అతని చేతిలో తుపాకీ ఉంది. దాని పేరు జోర్చర్. పేలిస్తే గుండు రాదు, ఒక వెలుగు వస్తుంది. ఆ వెలుగు తగిలిన జీవి చావదు. ఏ లోకం నుంచి వచ్చిందో ఆ లోకానికే తిరిగి వెళ్లిపోతుంది. మీదమీదకి వచ్చినవాటిని నెట్టడానికి ఒక చెంచా ఉంటుంది. మన వీరుడికి ఓపిక తగ్గితే గిన్నెలో పండ్లు, కూరగాయలు, గ్లాసుడు మంచినీళ్లు అక్కడక్కడ దొరుకుతాయి. మొత్తం ఐదు దశలు. ఓడ దిగిన చోట మొదలై గోదాము, ప్రయోగశాల, చెట్ల తోట దాటుకుంటూ గుహల్లో ముగుస్తుంది. అమ్మకాలు పెంచుకోవడానికి ఒక తిండి కంపెనీ వేసిన ఎత్తు ఇది. ఆ సంగతి దాచాల్సిన పని లేదు. అయినా ఆ ఆట ఆడిన పిల్లలు పెద్దవాళ్లయ్యాక కూడా దాన్ని మరిచిపోలేదు. ఆటకు బొమ్మలు గీసినవారిలో ముఖ్యుడైన చార్ల్స్ జకోబీ 2008లో సొంతంగా మూడో భాగం చేసి పంచాడు. 2020లో కంపెనీయే కొత్త బొమ్మలతో మళ్లీ విడుదల చేసింది.

చెక్స్ క్వెస్ట్ లోపల నడిచే యంత్రం వేరొకరిది. 1993 డిసెంబరు 10న అమెరికాలోని టెక్సాస్ నుంచి ఐడీ సాఫ్ట్‌వేర్ అనే సంస్థ డూమ్ అనే ఆటను విడుదల చేసింది. జాన్ కార్మాక్, జాన్ రొమేరో, ఇంకా కొద్దిమంది కుర్రాళ్లు కలిసి చేసిన పని. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం సర్వరులోకి ఎక్కిద్దామంటే దానికోసం కాచుకున్న జనంతో ఆ సర్వరు నిండిపోయి ఉంది. ఆటగాడి కళ్లలోంచి లోకాన్ని చూపించే షూటర్లు అంతకుముందూ ఉన్నాయి. అదే సంస్థ 1992లో వుల్ఫెన్‌స్టైన్ 3డీ చేసింది. ఆ పద్ధతిని ప్రపంచమంతా పాకించింది మాత్రం డూమే. డూమ్ భయంకరమైన ఆట. నరకం, రాక్షసులు, నెత్తురు. చిన్నపిల్లలకు అది వద్దు. నాకు అందులో నచ్చింది మరొకటి: దాన్ని కట్టిన తీరు. ఆట నడిపే యంత్రం ఒక ఫైలు. గోడలు, జీవులు, శబ్దాలు, దారులు అన్నీ మరో ఫైలు. రెండో ఫైలు మార్చేస్తే అదే యంత్రం మీద పూర్తిగా వేరే ఆట నడుస్తుంది. నరకాన్ని తీసేసి చెక్స్ వారియర్‌ని పెట్టగలిగింది అందువల్లే. 1997 చివర్లో కార్మాక్ ఆ యంత్రం రాతనంతా బయటపెట్టేశాడు. 1999లో దానికి స్వేచ్ఛా లైసెన్సు వచ్చింది. బొమ్మలకూ శబ్దాలకూ కూడా ఎవరికీ రుణపడకుండా ఉండాలని కొందరు కలిసి ఫ్రీడూమ్ అనే ఉచిత సామగ్రిని కూర్చారు, ఇప్పటికీ కూరుస్తూనే ఉన్నారు.

పాత పద్ధతి చిన్నది, తేలిక. డూమ్ తొలి భాగం రెండు ఫ్లాపీల్లో పట్టేది. తెర 320 చుక్కల వెడల్పు, 200 చుక్కల ఎత్తు. రంగులు 256. ఇవాళ్టి పెద్ద ఆటలు వంద గిగాబైట్లు దాటుతున్నాయి. ఈ తేడా ఎంతటిదో మన ద్వీపాల వాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. 2020 దాకా మన ఇంటర్నెట్ అంతా ఉపగ్రహం దయ. ఒక పాట దిగడానికి రాత్రంతా కాచుకున్న వాళ్లు ఈ ప్రసంగం వింటూ ఉంటారు. మెయిన్‌ల్యాండ్ వెళ్లే బంధువుల చేతికి హార్డ్ డిస్కు ఇచ్చి, ఓడ తిరిగి వచ్చేదాకా ఎదురుచూసిన వాళ్లూ ఉంటారు. 2020 ఆగస్టు 10న చెన్నై నుంచి సముద్రం అడుగున 2,300 కిలోమీటర్లకు పైగా పరిచిన కేబుల్ మొదలైంది. పోర్ట్‌బ్లెయిర్‌తో పాటు స్వరాజ్ ద్వీప్, లిటిల్ అండమాన్, కార్ నికోబార్, కమోర్టా, గ్రేట్ నికోబార్, లాంగ్ ఐలాండ్, రంగత్ కూడా కలిశాయి. ఖర్చు సుమారు 1,224 కోట్లు. కుర్రాళ్లు పబ్జీ అనే ఆటలోకి ఉరికారు. సెప్టెంబరు 2న కేంద్రం పబ్జీని నిషేధించింది. కేబుల్ వచ్చి నెల కూడా కాలేదు.

కేబుల్ వచ్చినందుకు నాకు ఎంతో సంతోషం. అయితే కేబుల్ వచ్చాక మనం చేసిందేమిటి? ఎక్కడో ఎవరో చేసిన ఆటలు దింపుకుని ఆడుతున్నాం. అటు నుంచి ఇటు వస్తున్నదే తప్ప ఇటు నుంచి అటు వెళ్తున్నది తక్కువ. కేబుల్‌కు రెండు కొసలున్నాయి. మన కొస నుంచి కూడా ఏదో ఒకటి వెళ్లాలి. ఆ వెళ్లేది వంద గిగాబైట్ల ఆట కానక్కర్లేదు. కొన్ని పదుల మెగాబైట్ల చిన్న ఆట చాలు. చిన్న ఆటలకు ఇప్పుడు లోకంలో గౌరవం కూడా ఉంది. 2018లో వచ్చిన డస్క్ అనే షూటర్‌లో సంగీతం వంటివి పక్కనపెడితే చాలా భాగం డేవిడ్ షిమాన్‌స్కీ ఒక్కడి కష్టమే. 2019లో వచ్చిన అయాన్ ఫ్యూరీని 1990ల నాటి బిల్డ్ అనే పాత యంత్రం మీదే కట్టారు. మంచి యంత్రాలు అందుబాటులో ఉన్నా కావాలనే పాత రూపం ఎంచుకుంటున్నారు. ఆ పరిమితిలో పని త్వరగా తెములుతుంది, చేతిముద్ర కనిపిస్తుంది.

ఇక హాస్యం. ఈ రకం ఆటల్లో హాస్యం పేరుతో చాలా చెత్త కూడా వచ్చింది. 1996లో వచ్చిన డ్యూక్ న్యూకెమ్ 3డీ చాలామందికి తెలుసు. గ్రహాంతరవాసులు లాస్ ఏంజెలిస్ మీద పడతారు, కండలు తిరిగిన ఒకడు డైలాగులు కొడుతూ వాళ్లను చంపుతాడు. యంత్రం అద్భుతం. కెన్ సిల్వర్‌మన్ అనే కుర్రాడు ఇరవై ఏళ్లయినా నిండకముందే రాసిన బిల్డ్ అదే. కానీ ఆ ఆటలో ఆడవాళ్లను చూపించిన తీరు నాకు గిట్టదు. అది పెద్దల ఆట, పెద్దల ఆటల్లో కూడా ముతక ఆట. తల్లిదండ్రులు డబ్బా మీదో, డౌన్‌లోడ్ పేజీలోనో ఉండే వయసు గుర్తును దయచేసి చూడండి. పాత బొమ్మలు కదా అని పసిపిల్లల చేతికి ఇచ్చేయకండి. సీరియస్ శామ్ ఇంతకంటే మేలు. 2001లో క్రొయేషియాకు చెందిన క్రోటీమ్ చేసింది. తల లేని మనిషి రెండు చేతుల్లో బాంబులు పట్టుకుని కేకలు పెడుతూ మీదికి పరుగెత్తుకొస్తాడు. తల లేనివాడు ఎలా అరుస్తున్నాడని ఒక్క క్షణం నవ్వొస్తుంది, మరుక్షణం గుండె దడదడలాడుతుంది. క్రొయేషియా చిన్న దేశం, 1990ల సగం దాకా యుద్ధంలో నలిగింది. అక్కడి కుర్రాళ్ల ఆట లోకమంతా ఆడింది.

మన తెలుగువాళ్లకు అద్భుతమూ హాస్యమూ కలపడం కొత్త కాదు. సింగీతం శ్రీనివాసరావు 1991లో ఆదిత్య 369 తీశారు. టైమ్ మెషీన్ ఎక్కి ఒకసారి 1526లో రాయలవారి కొలువుకు, ఇంకోసారి 2504కి వెళ్తారు. జనం కుటుంబంతో సహా కూర్చుని నవ్వుతూ చూశారు. అంతకంటే దగ్గరి ఉదాహరణ 1957 నాటి మాయాబజార్. అందులో ప్రియదర్శిని పెట్టె ఉంది, నిజం చెప్పించే పీఠం ఉంది, ఉన్నట్టుండి వెలిసే నగరం ఉంది. ఘటోత్కచుడు తనకున్న శక్తికి పెళ్లివారి విడిదిని ఒక్క పిడికిటితో నలిపేయగలడు. ఆ పని చేయడు. కంబళిని కదిలిస్తాడు, మంచాన్ని తిప్పుతాడు, వియ్యాలవారిని హడలగొడతాడు, నవ్వులపాలు చేస్తాడు, ఆఖరికి హస్తినాపురానికి సాగనంపుతాడు. చెక్స్ వారియర్ చేతిలోని జోర్చర్ చేసే పని కూడా ఇదే. చంపకుండా గెలవడం, గెలిచి నవ్వించడం మన కథకు బాగా తెలిసిన విద్య. అందుకే ఈ రకం ఆట తెలుగు పిల్లల చేతిలో బాగా పండుతుందని నా నమ్మకం.

సరే, మన ఆటలో గ్రహాంతర జీవులెవరు? దీనికి జవాబు మన పెరట్లోనే ఉంది. వాన పడిన రాత్రి బొప్పాయి మొక్క మొదట్లో టార్చి వేసి చూడండి. అరచేయంత గుల్ల, దాని కింద తడి తడిగా సాగే ఒళ్లు, కొసల్లో కళ్లు ఉన్న రెండు కొమ్ములు. జెయింట్ ఆఫ్రికన్ స్నెయిల్ అంటారు, మనం పెద్ద నత్త అంటాం. దీని పుట్టిల్లు తూర్పు ఆఫ్రికా. 1847లో బెన్సన్ అనే ఆయన మారిషస్ నుంచి తెచ్చి కలకత్తాలో ఒక తోటలో వదిలాడు. మన ద్వీపాలకు మాత్రం 1942 నుంచి 1945 వరకు సాగిన జపాన్ ఆక్రమణ కాలంలో చేరింది. సైన్యం వెళ్లిపోయింది, నత్త ఉండిపోయింది. ఆకుకూర, అరటి, బొప్పాయి, పోక మొలక, ఏదీ వదలదు. ఒక్కో విడతకు వంద నుంచి నాలుగు వందల దాకా గుడ్లు పెడుతుంది. మెల్లగా నడుస్తుంది, జిగురు వదులుతుంది, తెల్లారేసరికి తోట తినేస్తుంది. ఆటలో ఇంతకంటే మంచి విలన్ ఎవరు దొరుకుతారు? ఫ్లెమాయిడ్లను ఊహించుకోవాల్సి వచ్చింది. మనకు ఊహించే శ్రమ కూడా లేదు.

మన ఆటలో తుపాకీ పేలిస్తే నత్త మెరిసి మాయమై తూర్పు ఆఫ్రికాలో తన పుట్టింటి అడవిలో తేలాలి. అక్కడ దానికి బంధువులున్నారు, దాన్ని తినే జీవులూ ఉన్నాయి. నత్త తర్వాత ప్లాస్టిక్ సీసాలు. గ్రేట్ నికోబార్ తీరాల్లో పరిశోధకులు ఏరి చూస్తే ఇండోనేషియా, మలేషియా, థాయ్‌లాండ్ వంటి దేశాల లేబుళ్లున్న సీసాలు బయటపడ్డాయి. ఆటలో ఈ సీసాలకు కాళ్లు మొలిపించండి. అవి గుంపులుగా బీచికి ఎక్కి తాబేళ్లు గుడ్లు పెట్టే చోటికి పోతుంటే, ఒక్కోదాన్ని లేబులు చూసి ఏ దేశానిది ఆ దేశానికి పంపాలి. మన సీసాలు కూడా అవతలి తీరాల్లో తేలుతుంటాయి కదా. కాబట్టి చివరి దశలో అవి కూడా తిరిగి మన మీదికే రావాలి. అప్పుడు అది న్యాయమైన ఆట అవుతుంది. ఓపిక తగ్గితే తాగడానికి కొబ్బరి బొండాం పెట్టండి. దాన్ని మించింది మన దగ్గర లేదు.

ఇప్పుడు చేసే పని గురించి. పాత ఆటల్లో శత్రువు నిజంగా మూడు కొలతల బొమ్మ కాదు. ఒక కాగితం బొమ్మే మన వైపు తిరిగి నిలబడుతుంది. ఎదుటి నుంచి ఒక బొమ్మ, పక్క నుంచి ఒకటి, వెనక నుంచి ఒకటి, మధ్యలో మూలల నుంచి మరికొన్ని. మొత్తం ఎనిమిది వైపులు. మనం ఎటు నుంచి చూస్తే ఆ వైపు బొమ్మను యంత్రం చూపిస్తుంది. కుడి ఎడమలు ఒకేలా ఉండే జీవికి ఐదు బొమ్మలు చాలు, మిగతా మూడింటిని యంత్రమే అద్దంలోలాగా తిప్పుకుంటుంది. డూమ్ చేసినప్పుడు కొన్ని రాక్షసుల్ని మట్టితో చేసి, తిప్పుతూ ఫోటోలు తీశారు. మన నత్త మట్టి బొమ్మ చేయడం మూడో తరగతి పిల్లకు కూడా వస్తుంది. నీలం రంగు చార్టు కాగితం గోడకు అంటించి, కింద ఒక గుండ్రటి పళ్లెం పెట్టి, పళ్లెం మీద మట్టి నత్తను ఉంచాలి. ఫోను కదలకుండా పుస్తకాల మీద ఆనించాలి. ఎదురుగా ఒక ఫోటో. పళ్లెం కాస్త తిప్పి ఇంకోటి. ఇలా ఐదు. తర్వాత కొమ్ములు ముందుకు చాచి మరో ఐదు, లోపలికి ముడిచి మరో ఐదు. వాటిని ఒకదాని వెంట ఒకటి చూపిస్తే నత్త పాకుతుంది. నీలం రంగు చెరిపేసి, బొమ్మను చిన్నది చేసి, 256 రంగుల్లోకి దించితే చుక్కలు చుక్కలుగా ఆ పాత అందం దానంతటదే వస్తుంది. మట్టి నత్త అని ఎందుకు పట్టుబడుతున్నానంటే, అసలు నత్తను పిల్లలు ఒట్టి చేత్తో ముట్టుకోకూడదు. మెదడు పొరలకు జబ్బు తెచ్చే ఒక పురుగు దానిలో ఉండవచ్చు. తోటలో ఏరేటప్పుడు కూడా చేతికి తొడుగు వేసుకోండి.

గదులు గీయడానికి అల్టిమేట్ డూమ్ బిల్డర్ అనే ఉచిత పనిముట్టు ఉంది. గళ్ల కాగితం మీద ఇంటి ప్లాను గీసినట్టు పైనుంచి గీతలు గీస్తే, లోపలికి వెళ్లి చూసేసరికి అవే గోడలవుతాయి. నేల ఎత్తు ఇంత, పైకప్పు ఎత్తు ఇంత, వెలుతురు ఇంత అని అంకెలు వేయాలి. పాత డూమ్‌లో ఒక గది మీద ఇంకో గది కట్టడం కుదరదు. మేడ కట్టలేరు, మెట్లు మాత్రం కట్టగలరు. కొత్తగా వచ్చిన యంత్రాల్లో ఈ చిక్కు తీరింది కానీ, మొదట్లో ఆ పరిమితితోనే నేర్చుకోవడం మంచిది. చాతాం రంపం మిల్లును తీసుకోండి. 1883 నుంచి ఉన్నది. పొడవాటి షెడ్లు, దుంగల గుట్టలు, పట్టాలు, నీళ్ల ఒడ్డు. పైఅంతస్తు అక్కర్లేని చోటు, మొదటి దశకు సరిగ్గా అతుకుతుంది. జంగ్లీఘాట్ చేపల రేవును రెండో దశ చేయండి. వలల మధ్య, ఐసు పెట్టెల మధ్య సందులు సందులుగా ఉంటుంది, నత్తలు దాక్కోవడానికి బోలెడు చోటు. రాస్ ద్వీపంలో, అంటే ఇప్పటి నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపంలో, మర్రి వేళ్లు పట్టేసిన తెల్లదొరల ఇళ్లున్నాయి. అక్కడి జింకలు కూడా బయటినుంచి తెచ్చి వదిలినవే. ఆఖరి దశకు బారెన్ ద్వీపం. దేశంలో మండుతున్న అగ్నిపర్వతం అదొక్కటే. చాలాకాలం నిద్రపోయి 1991లో మళ్లీ లేచింది. నత్తల రాణి అక్కడ ఉండాలి.

సెల్యులార్ జైలు ఈ జాబితాలో లేదు. తెలిసే వదిలేశాను. కట్టినప్పుడు మధ్యలో గోపురం, చుట్టూ ఏడు రెక్కలు, దాదాపు ఏడు వందల గదులు, ఒక రెక్క ముఖం ఇంకో రెక్క వీపుకు. ఆట గీసేవాడి కంటికి అది నోరూరించే నమూనా. కానీ అక్కడ మన్యం నుంచి పట్టి తెచ్చిన రంప పోరాటవీరులు ఉన్నారు. కాకినాడ బాంబు కేసులో పడిన ప్రతివాది భయంకరాచారి ఉన్నారు. ఇంకా ఎందరెందరో ఉన్నారు. అక్కడ నత్తలతో పరాచికాలు ఆడడానికి నా మనసు ఒప్పదు. ఎవరైనా ఆ జైలు మీద వేరే రకం ఆట, చరిత్ర తెలిపే ఆట చేస్తే నేను మొదట ఆడతాను. నవ్వుల ఆటకు మాత్రం ఆ చోటు కాదు.

ఇంకో హద్దు ఉంది. ఇది అన్నిటికంటే ముఖ్యం. షూటర్ ఆటలకు ఒక దురలవాటు ఉంది. తనకు తెలియని మనిషిని శత్రువుగా నిలబెట్టడం. అండమాన్ పేరు చెప్పగానే బయటి ప్రపంచానికి మొదట తట్టేది విల్లమ్ములు పట్టిన ఆదిమవాసి. ఇది ఇప్పటి జబ్బు కాదు. 1890లో కానన్ డాయిల్ షెర్లాక్ హోమ్స్ నవల ది సైన్ ఆఫ్ ఫోర్‌లో అండమాన్ వాసిని విషపు ముల్లు ఊదే వికృత జీవిగా చిత్రించాడు. ఆ బొమ్మ అచ్చులోనూ తెరమీదా నూరేళ్లకు పైగా నడిచింది. ఇవాళ కొందరు నిజమైన మనుషుల్నే ఆటలో బొమ్మలనుకుంటున్నారు. 2025 మార్చిలో ఒక విదేశీయుడు నార్త్ సెంటినెల్ ఒడ్డున దిగి, కొబ్బరికాయ, కోలా డబ్బా పెట్టి, వీడియో తీసుకుని వచ్చి పోలీసులకు చిక్కాడు. అతను తెచ్చిపెట్టగల జలుబు ఒక జాతినే తుడిచేయగలదు. 1956 నుంచి చట్టం ఉంది, అటు వెళ్లకూడదు, ఫోటో తీయకూడదు. నేను చెప్పేది చట్టం గురించి మాత్రమే కాదు. మన ఆటలో జారవలు, సెంటినెలీలు, ఓంగేలు, గ్రేట్ అండమానీలు, షాంపెన్‌లు శత్రువులుగా ఉండకూడదు, మిత్రులుగా ఉండకూడదు, వెనకాల నిలబడే బొమ్మలుగా కూడా ఉండకూడదు. బారాటాంగ్ బురద అగ్నిపర్వతం ఆటకు భలే చోటే. కానీ అక్కడికి వెళ్లే ట్రంక్ రోడ్డు జారవల అడవిలోంచి పోతుంది. మీ ఆటలో వీరుణ్ణి పడవ మీద తీసుకెళ్లండి. నత్త, సీసా బయటినుంచి వచ్చాయి. ఆదిమవాసులు ఇక్కడివాళ్లు. మన తాతలు ఓడ దిగి వచ్చినవాళ్లు. ఈ వరస ఆట గీసే పిల్లవాడికి తెలిసి ఉండాలి.

భాష సంగతి. 2011 జనాభా లెక్కల్లో ఈ ద్వీపాల్లో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు సుమారు 13 శాతం. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వచ్చిన కుటుంబాలు ఎక్కువ. ఆటలో తెలుగు అక్షరాలు పెట్టాలంటే ఒక చిక్కు వస్తుంది. పాత యంత్రాలకు ఒక అక్షరం పక్కన ఇంకో అక్షరం పేర్చడమే తెలుసు. ఒత్తు కిందికి వెళ్లాలని, గుడి పైకి ఎక్కాలని వాటికి తెలియదు. నత్త అని రాస్తే తకారం ఒత్తు విడిపోయి పక్కన కూర్చుంటుంది. దీనికి ఉపాయం, రాయాల్సిన ముక్కను ముందే బొమ్మగా చేసి పెట్టడం. శ్రమే, కానీ చిన్న ఆటలో మాటలు ఎన్నని ఉంటాయి? అంతకంటే మంచి దారి గొంతు. ఫోనులో రికార్డు చేసిన మాట ఆటలో చక్కగా మోగుతుంది. తలుపు తెరుచుకున్నప్పుడు "ఏటి బావూ, ఎటెల్తన్నావు?" అని జంగ్లీఘాట్ తాతగారి గొంతు వినిపిస్తే, నత్త మాయమైనప్పుడు "ఓలమ్మో, ఎల్లిపోనాది!" అని మామ్మగారు అంటే, ఆడే పిల్లవాడు పడీపడీ నవ్వుతాడు. సినిమాల్లో ఈ యాసను ఎగతాళికి వాడుకున్నారు. ఇక్కడ ఆ గొంతు దారి చూపించే పెద్దదిక్కు అవుతుంది. పక్కింటి బెంగాలీ దీదీ గొంతు, తమిళ అన్న గొంతు, నికోబారీ మిత్రుల గొంతు కూడా కలపండి. పోర్ట్‌బ్లెయిర్ వీధి అలాగే కదా ఉంటుంది.

దీనివల్ల ఉద్యోగం వస్తుందా అని తల్లిదండ్రులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. వస్తుందని హామీ ఇవ్వను. హైదరాబాదులో ఆటలు చేసే సంస్థలున్నాయి. గజిని సినిమా ఆటను 2008లో చేసిన ఎఫ్ఎక్స్ ల్యాబ్స్ హైదరాబాదుదే. అసుర అనే ఆటను 2017లో తెచ్చిన ఓగర్ హెడ్ స్టూడియో కూడా ఆ ఊరిదే. అలాంటి చోట్ల పనికి వెళ్లినవాణ్ణి ఏం చదివావన్న ప్రశ్నతో పాటు ఏం చేశావని కూడా అడుగుతారు. ఐదు దశల చిన్న ఆట చేతిలో ఉన్న పిల్లకు చూపించడానికి ఏదో ఒకటి ఉంటుంది. ఉద్యోగం మాట పక్కనపెట్టినా లెక్కలు, బొమ్మ, శబ్దం, కథ, నలుగురితో కలిసి పని, ఇవన్నీ ఒకే చోట నేర్పే పాఠం బడి పుస్తకాల్లో నాకు మరొకటి కనబడలేదు.

అందుకని నాదొక విన్నపం. అంబేడ్కర్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో, జేఎన్ఆర్ఎం కాలేజీలో చదువుతున్న తెలుగు విద్యార్థులు నలుగురు ముందుకు రండి. మీ వీధిలో బడి పిల్లల్ని ఆరేడుగురిని పోగేయండి. డూమ్ అసలు బొమ్మలు అమ్మకానికి ఉన్నవి, వాటిని వాడకండి, ఫ్రీడూమ్‌వి తీసుకోండి. ఒకేసారి ఐదు దశలు అనుకోకండి. ఒక గది గీయండి, ఒక తలుపు పెట్టండి, ఒక మట్టి నత్తను నిలబెట్టండి, దాన్ని పుట్టింటికి పంపండి. అది పనిచేసిన రోజున రెండో గది గీయండి. బళ్లో కంప్యూటర్ గది తాళం చేతిలో ఉన్న మాస్టారూ, టీచరమ్మా, శనివారం సాయంత్రం రెండు గంటలు ఆ తాళం తీయండి. ఇంట్లో తాతగారూ మామ్మగారూ, పిల్లలు ఫోను నోటి దగ్గర పెట్టి మాట్లాడమంటే సిగ్గుపడకుండా మాట్లాడండి. కావలసిన పనిముట్లన్నీ ఉచితం. అన్నీ కలిపి దింపుకున్నా ఒక సినిమా అంత బరువు ఉండవు.